ఎండాకాలంలో శాలువా

మార్చి 28

చిట్టికి అక్కయ్య దీవెనలు. అవి నీ మీద పనిచేస్తాయన్న నమ్మకం నాకు లేకపోయినా రాయడం పద్ధతి కాబట్టి రాస్తున్నాను.

నీ దగ్గరినుంచి వచ్చినప్పటినుంచి మీ బావకి నీ గురించే చెబుతున్నాను. ఆయన మొదటిరోజు విన్నారు. రెండోరోజు పేపరు అడ్డం పెట్టుకున్నారు. అందుకని ఇక నీకే చెప్పదలిచాను. ఫోన్ చేయవచ్చు కదా అంటావేమో. పోయిన నెల చేస్తే అటునుంచి ఎవరో మగగొంతు పలికింది. నంబరు తప్పిందనుకుని పెట్టేశాను. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే గొంతు. నీ గదిలో మగమనిషి ఎవరని నేను రెండురోజులు పడ్డ అవస్థ పగవాళ్ళకి కూడా వద్దు. తీరా వచ్చి చూస్తే అది నీ గొంతే. నలభై మూడేళ్ళు వచ్చాక నీకు గొంతు మారడమేమిటే?

సరే, గొంతు సంగతి పోనీ. జనమంతా ఫ్యాన్ల కింద ఉసూరుమంటుంటే నువ్వు శాలువా కప్పుకుని కూర్చున్నావు. ఎనిమిదిన్నరకి లేచావు. లేచినదానివి మంచం అంచున కూర్చుని, ఒక కాలికి చెప్పు తొడిగి, రెండోది ఎక్కడుందా అని పావుగంట ఆలోచించావు. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. మొహం ఉబ్బింది. దువ్వెన నిండా జుట్టు. అడిగిన మాటకి జవాబు చెప్పేసరికి నేనేం అడిగానో నాకే గుర్తుండటం లేదు.

నీకేమీ జబ్బు లేదు. బద్ధకం. అమ్మ పోలిక వచ్చింది. ఆవిడ జీవితమంతా అలాగే ఈడ్చింది, మనం చూశాం. నాకొక్కదానికే ఆ పోలిక రాలేదు. ఇంట్లో ఎవరో ఒకరు పని చేయాలి కదా.

ఆస్పత్రి మందుల స్టోరులో ముప్ఫై ఒక్కేళ్ళు పనిచేసినదాన్ని. ఏ మందు దేనికో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. రక్తానికి ఐరన్ మాత్రలు, ఎముకలకి కాల్షియం మాత్రలు పార్శిల్ చేశాను. పొద్దున్నే లేచి రెండూ వేసుకో. లేవడం ముఖ్యం, అది మాత్రలో ఉండదు.

అక్కయ్య

ఏప్రిల్ 9

అక్కయ్యకు,

నీ ఉత్తరం, నీ పార్శిల్ ఒకేరోజు అందాయి. రెండింట్లోనూ మాత్రలే మింగడానికి తేలిగ్గా ఉన్నాయి. వేసుకుంటున్నాను. నువ్వు చెప్పిన పని మానేసే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికుంది కనక.

నువ్వు వచ్చినప్పుడు ఒక సంగతి చెప్పలేదు. చెబితే అక్కడే నిలబెట్టి దులిపేస్తావని. కోర్టులో నా పనిని నువ్వు "ఎవరో చెప్పింది రాసుకోవడం" అని తీసిపారేస్తావు. అవును, అంతే. కానీ నిమిషానికి నూట ఇరవై మాటలు రాసుకోవాలి. పంతొమ్మిదేళ్ళలో సాక్షి నోట జారిన మాట నా షార్ట్‌హ్యాండ్ పుస్తకం దాటి ఎక్కడికీ పోలేదు. ఫిబ్రవరిలో పోయింది. ఒక లారీ కేసు. లారీ ఏ వైపునుంచి వచ్చిందని వకీలు అడిగాడు. ప్రశ్న నా పుస్తకంలో ఉంది. జవాబు ఉండాల్సినచోట పెన్సిల్ గీత ఒకటి కాగితం అంచుదాకా జారిపోయి ఉంది. కళ్ళు తెరిచే నిద్రపోయాను అక్కయ్యా. ఆ సాక్షిని మళ్ళీ పిలిపించి మళ్ళీ అడగాల్సి వచ్చింది.

మా హెడ్ గుమాస్తా ఆ గీతని అందరికీ చూపించాడు. ఆయన సొంతంగా ఒక వాక్యం తప్పుల్లేకుండా రాయగా ఈ భవనంలో చూసినవాళ్ళు లేరు, అయినా గీతలు పట్టుకోవడంలో మాత్రం దిట్ట. జూన్‌లో నాకు వేగం పరీక్ష పెడతాడట. నూరు మాటలు అందుకోకపోతే కింద రికార్డు గదికి పంపుతారు. కట్టలు కట్టడం, కట్టలు విప్పడం. అక్కడికి దిగినవాళ్ళెవరూ తిరిగి పైకి ఎక్కలేదు.

ఈ ఉత్తరం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి.

చిట్టి

ఏప్రిల్ 17

చిట్టీ,

మూడు రోజులా? రెండు పేజీలకి? మీ హెడ్ గుమాస్తాని నేను చూడలేదు కానీ ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రావడం లేదు. అదే నా దుఃఖం. అలాంటివాడి పక్షాన నన్ను నిలబెట్టావు.

నీకు గుర్తుందో లేదో, బడినుంచి నా స్నేహితురాళ్ళు ఇంటికి వస్తే అమ్మ మంచినీళ్ళు తేవడానికి లేచేది. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి గ్లాసులతో తిరిగొచ్చేలోపు వాళ్ళు దాహం మరిచిపోయి లెక్కలు చేసుకునేవాళ్ళు. మే నెలలో ఆ బూడిదరంగు శాలువా ఒకటి. నేనే ఆవిడకి నత్తమ్మ అని పేరు పెట్టాను. నాకు పన్నెండేళ్ళప్పుడు. ఆ పేరు ఎంత బాగా అతికిందంటే నాన్న కూడా అలాగే పిలిచేవారు. ఆవిడ కోప్పడేది కూడా కాదు. కోపం రావడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

నిన్ను నత్తమ్మ అనాలని నాకు లేదు. పొద్దున అయిదింటికి లే. కోర్టుకి నడిచి వెళ్ళు. అన్నం సగానికి తగ్గించు. నీ శాలువా ఎవరికైనా ఇచ్చెయ్.

మీ బావ అడుగుతున్నారు, డాక్టరుకి చూపించుకున్నావా అని. ఆయనకి తుమ్ము వచ్చినా డాక్టరే. పట్టించుకోకు.

అక్కయ్య

మే 8

అక్కయ్యకు,

నడిచి వెళ్ళమన్నావు. వెళ్ళాను. మూడోరోజు వంతెన మెట్ల మీద కూర్చుండిపోయాను. నాలుగోరోజు బస్సెక్కి, దిగాల్సినచోట దిగకుండా నిద్రపోయి, డిపోలో తేలాను. బస్సు కడుగుతున్నామె భుజం తట్టి లేపింది. అక్కడినుంచి తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్ళాను, బావ మాట మన్నించి.

నిజానికి ఇది మూడో డాక్టరు. మొదటాయన నా మొహం చూడకుండానే వయసు అన్నాడు. రెండో ఆయన ఒంటరిగా ఉంటే ఇలాగే ఉంటుంది, సరదాగా ఏదైనా నేర్చుకోండి అన్నాడు. ఏం నేర్చుకోవాలో కూడా ఆయనే చెప్పాడు, చేపలు పెంచడం. ఈమె చిన్నది, ముప్ఫై దాటి ఉండవు. ఏమీ మాట్లాడకుండా మెడ తడిమింది. కుర్చీ మీద మోకరించమని, మడమ వెనక చిన్న సుత్తితో కొట్టింది. పాదం కదిలింది, కానీ వెనక్కి రావడానికి తీరిగ్గా ఆలోచించుకుని వచ్చింది. ఆమె మళ్ళీ కొట్టి చూసి, "ఇన్నాళ్ళు ఎలా పనికి వెళ్ళారండీ?" అంది. ఆ ఒక్క మాటకి నాకు ఏడుపొచ్చింది. నన్ను ఎవరూ అలా అడగలేదు.

రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ ఎనభై ఎనిమిది. నాలుగు, నాలుగున్నర దాటకూడదట. మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి పనిచేయడం దాదాపు మానేసిందట. చలి, వాపు, గొంతు, నిద్ర, జుట్టు, తిమ్మిరి, అన్నీ దానివే. రోజూ పరగడుపున ఒక మాత్ర, బహుశా జీవితాంతం. మిగతా మందులేమైనా వాడుతున్నారా అని అడిగింది. లేవన్నాను.

ఇది బద్ధకం కాదట అక్కయ్యా. కాగితం మీద రాసి ఉంది.

చిట్టి

మే 16

చిట్టీ,

కాగితం మీద నేనూ రాయగలను.

జీవితాంతం వాడాల్సిన మందంటే డాక్టరుకి ఎంత హాయో ఆలోచించావా? రోగి తగ్గక్కర్లేదు, చావక్కర్లేదు, వస్తూ ఉంటే చాలు. ఆ మాత్ర నాకు తెలియనిదా. మా స్టోరులో నాలుగో అర ఎడమ చివర ఉండేది. చీమ తలంత ఉంటుంది. దాన్ని మింగి ఇంత మనిషి లేచి పరుగెత్తాలట. ముప్ఫై ఒక్కేళ్ళు నా చేతుల మీదుగా పంపాను, పరుగెత్తినవాళ్ళని ఒక్కరిని చూడలేదు. స్టోరు కిటికీలోంచి కనబడేది వెనక గోడే అనుకో, అయినా.

సరే, ముచ్చటపడ్డావు కాబట్టి వేసుకో. నావి మాత్రం మానకు. నీకు మతిమరుపు కాబట్టి ఒక పద్ధతి చెబుతాను. మా ఆస్పత్రిలో ఒక రోగికి ఒక గిన్నె. పూటకి ఎన్ని మందులుంటే అన్నీ ఆ గిన్నెలోనే, ఒకే గుక్కలో. లేకపోతే ఒకటి వేసుకుని ఇంకోటి మరిచిపోతారు. నీకు ఏడు అరల పెట్టె ఒకటి పంపుతున్నాను. అర మీద వారం పేరు ఉంటుంది. ఆదివారం కూర్చుని ప్రతి అరలో మూడేసి నింపు. పొద్దున్నే అర తెరువు, కాఫీతో మింగు. ఇంతకంటే తేలిక చేయడం నావల్ల కాదు, వచ్చి నోట్లో వేయాల్సిందే.

అక్కయ్య

జులై 3

అక్కయ్యకు,

వేగం పరీక్ష అయింది. అరవై నాలుగు మాటలు. హెడ్ గుమాస్తా ఆ అంకెని రెండుసార్లు పైకి చదివాడు, మొదటిసారి నాకోసం, రెండోసారి తన సంతోషం కోసం. జడ్జిగారు పంతొమ్మిదేళ్ళ పని చూసి నవంబరులో చివరి అవకాశం ఇమ్మన్నారు. అప్పటిదాకా రికార్డు గది. కింద కిటికీలు లేవు, చలి ఎముకల్లో దిగుతుంది. నాతోపాటు అక్కడ ఒక పెద్దాయన ఉన్నాడు. పన్నెండేళ్ళ క్రితం "తాత్కాలికంగా" దిగాడు.

మందు పెట్టె బాగానే ఉంది. ఒక్క అర కూడా తప్పలేదు. అయినా ఆరువారాల తర్వాత పరీక్ష చేస్తే డెబ్భై ఆరు. డాక్టరమ్మ మాత్ర బలం రెట్టింపు చేసింది. రోజూ వేసుకుంటున్నారా అని అడిగింది. వేసుకుంటున్నానన్నాను. "రోజూనా?" అని మళ్ళీ అడిగింది. మా కోర్టులో అబద్ధమాడే సాక్షిని వకీలు చూసినట్టు చూసింది. పంతొమ్మిదేళ్ళు ఆ చూపు పక్కనుంచి చూశాను, నా మీద పడితే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

చిట్టి

జులై 11

చిట్టీ,

నేను చెప్పానా లేదా? చీమ తల రెట్టింపు చేస్తే రెండు చీమ తలలవుతుంది. ఆ పిల్ల డాక్టరుకి తోచక నిన్ను అనుమానిస్తోంది. పని రానివాళ్ళందరికీ ఎదుటివాళ్ళని అనుమానించడం బాగా వచ్చు. కాల్షియం ఇంకాస్త పెద్ద మాత్రలు పంపుతున్నాను.

నిన్ను చూస్తే నాకు ఒకటే అనిపిస్తోంది. జబ్బని పేరు పెట్టగానే నీకు కుదుటపడింది. ఇక లేవక్కర్లేదు. అమ్మకి కూడా ఎవరైనా ఇలా ఒక కాగితం ఇచ్చి ఉంటే ఎంత సుఖపడేదో పాపం, దాన్ని కూడా శాలువాలో చుట్టుకుని పడుకునేది.

అక్కయ్య

ఆగస్టు 27

అక్కయ్యకు,

నీ ఉత్తరం చదివి నెలన్నర జవాబు రాయలేదు. తిమ్మిరివల్ల కాదు. రాయబుద్ధి కాలేదు.

మాత్ర బలం మూడింతలయింది. అంకె అరవై తొమ్మిది. డాక్టరమ్మ ఈసారి అనుమానించలేదు, భయపడింది. నాకు అదే ఎక్కువ బాధ. నవంబరు ఇరవైకి పరీక్ష. ఇలాగే ఉంటే నేను రాయలేను. ఆ పెద్దాయన నాకోసం ఒక కుర్చీ వెతికి తెచ్చాడు, వెనక దిండు కట్టి. మంచి కుర్చీ. చాలా ఏళ్ళు కూర్చోవడానికి పనికొస్తుంది.

నన్నేమైనా అను. అమ్మ గురించి ఇంకొక్క మాట రాస్తే నీ ఉత్తరాలు తెరవను. ఆవిడ చనిపోయి పదకొండేళ్ళయింది. ఆవిడని వెక్కిరించడానికి నీకింకా ఓపిక ఉందంటే నీ ఆరోగ్యం నిజంగా గొప్పది.

పార్శిల్ అందింది. అలవాటు ప్రకారం వేసుకుంటున్నాను. నాకూ సిగ్గులేదు.

చిట్టి

సెప్టెంబరు 19

అక్కయ్యకు,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నిన్న డాక్టరమ్మ నన్నొక పని చేయమంది. "నిద్ర లేచినప్పటినుంచి మీ నోట్లోకి ఏం పోతుందో అదంతా నా బల్ల మీద పెట్టండి" అంది. నీ పెట్టె తీసుకెళ్ళాను. ఆమె బుధవారం అర తెరిచి మూడు మాత్రలు బయటికి తీసింది. చిన్నదాన్ని పక్కకి జరిపి, మిగతా రెండూ ఏమిటని అడిగింది. ఐరన్, కాల్షియం అన్నాను. కాసేపు నుదురు పట్టుకుంది. ఈ రెండింటిలో ఏదైనా సరే, ఒకేసారి మింగితే థైరాయిడ్ మాత్రని కడుపులోనే పట్టేసుకుంటుందట, ఒంటికి చాలామటుకు అందనివ్వదట. కాఫీ కూడా దానికి తోడు. చిన్నమాత్ర ఒక్కటే వట్టి నీళ్ళతో వేసుకుని, గంటదాకా కాఫీ కూడా తాగకూడదట. ఐరన్, కాల్షియం అవసరమైతే నాలుగు గంటలు ఆగాలట. నా రక్తం చూసింది కాబట్టి నాకు ఆ రెండూ అవసరమే లేదంది.

నాలుగు నెలలు నేను ఒక చేత్తో మందు వేసుకుంటూ ఇంకో చేత్తో దాన్ని తీసేశాను.

మందులేమైనా వాడుతున్నారా అని మేలో అడిగితే లేవన్నారేం అంది. ఏం చెప్పను? అవి మందులని నాకు తోచలేదు. అవి మా అక్కయ్య పార్శిల్. నువ్వు పంపింది వేసుకోవడం నాకు పళ్ళు తోముకోవడంలాంటిది. ఇందులో నీ తప్పెంతో నా తప్పూ అంతే. నీ మాట వినేటప్పుడు నేను బుర్ర పక్కన పెట్టేస్తాను. నీకు అది ఇష్టం, నాకు అది సుఖం. ఆస్పత్రి స్టోరులో అన్నేళ్ళున్నావు, మందు డబ్బాలో పెట్టే ఆ మడతకాగితం ఒక్కసారైనా విప్పి చదివావా? డబ్బాలు లెక్కపెట్టడం వైద్యమనుకున్నావు. మా హెడ్ గుమాస్తా కూడా కాగితాలు లెక్కపెట్టి న్యాయం చేశాననుకుంటాడు.

ఇంకో సంగతి. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది. ఎవరికీ లేదన్నాను. తర్వాత ఊరికే, మాటల్లో, మా అమ్మ కూడా నాలాగే చలి అనేదని చెప్పాను. ఆమె కలం కింద పెట్టేసింది. గొంతు ఎలా ఉండేదంది. బొంగురు. మొహం? ఉబ్బు. నడక? అప్పుడు నేను, మేం ఆవిడని నత్తమ్మ అనేవాళ్ళమని చెప్పాను. చెప్పి తలదించుకున్నాను. చూడని మనిషి గురించి తను ఖాయంగా చెప్పలేనంది. తన ముందుకి అలాంటి మనిషి వస్తే మాత్రం మొదట రాసేది ఈ పరీక్షేనంది.

అమ్మ చివర్లో రెండుసార్లు మీ ఆస్పత్రిలోనే ఉంది కదా అక్కయ్యా. ఎవరూ ఈ పరీక్ష చేయించలేదా?

చిట్టి

సెప్టెంబరు 28

చిట్టీ,

చనిపోయినవాళ్ళకి కూడా పరీక్షలు రాసే డాక్టరుని ఇప్పుడే చూస్తున్నాను. ఆమెకి బతికున్నవాళ్ళు చాలడం లేదు కాబోలు.

పెట్టె నేను పంపింది నీ మేలుకోరి. పద్ధతిలో తప్పు లేదు. అన్నీ ఒక గిన్నెలో వేయడం నేను కనిపెట్టింది కాదు. మడతకాగితాలు చదవడం స్టోరు పని కాదు, అది చదవడానికి వేరే జీతగాళ్ళుంటారు.

అమ్మకి గుండె బలహీనం. కాళ్ళ వాపు. వయసు. అందులో దాచేదేమీ లేదు. దీని గురించి ఇక రాయకు.

ఈ నెల పార్శిల్ ఉండదు.

అక్కయ్య

నవంబరు 22

అక్కయ్యకు,

నువ్వు రాయకు అన్నావు కాబట్టి దాని గురించి రాయడం లేదు. నా సంగతి రాస్తున్నాను.

మొదటి రెండు వారాలు తేడా ఏమీ తెలియలేదు. మూడోవారం రికార్డు గదిలో కట్ట విప్పుతూ నేనేదో కూనిరాగం తీస్తున్నానట. పెద్దాయన చెబితే తెలిసింది. గొంతులోంచి మళ్ళీ ఆడగొంతు వస్తోంది. అక్టోబరు మధ్యలో గుండె దడదడలాడి చేతులు వణికాయి. మూడింతల బలం ఇప్పుడు పూర్తిగా అందుతోంది మరి. డాక్టరమ్మ తగ్గించింది. పోయినవారం అంకె నాలుగు దగ్గర ఉంది. తగ్గించి ఎన్నో రోజులు కాలేదు కాబట్టి ఇది ఖాయం కాదు, జనవరిలో మళ్ళీ చూడాలట. మందు ఇంకా కాస్త అటూఇటూ మార్చాల్సి రావచ్చట. వాపు సగం దిగింది, జుట్టు రావడానికి నెలలు పడుతుందట. మధ్యాహ్నం ఇంకా కళ్ళు మూతపడతాయి. అన్నీ ఒక్కరోజులో బాగుకావడం లేదు. కానీ పాదం సుత్తి దెబ్బకి వెంటనే వెనక్కి వస్తోంది.

ఇరవయ్యో తారీఖున నూట ఎనిమిది మాటలు రాశాను.

హెడ్ గుమాస్తా గడియారం మీద నమ్మకం లేక ఇంకో గడియారం తెప్పించాడు. మళ్ళీ చదివాడు, నేను మళ్ళీ రాశాను, నూట పది. ఆయన మొహం చూడటానికి నువ్వుంటే బాగుండేదనిపించింది. అలాంటి మొహాలు నీ అంత బాగా ఎవరూ ఆనందించలేరు. సోమవారంనుంచి పైన కోర్టు హాల్లో కూర్చుంటాను. పెద్దాయన దిండు విప్పి నాకిచ్చాడు.

శాలువా మడిచి పెట్టేశాను. అమ్మది ఏమయింది అక్కయ్యా? నాకు ఒకసారి చూడాలని ఉంది.

చిట్టి

డిసెంబరు 5

చిట్టికి,

నూట పది. మీ హెడ్ గుమాస్తా మూడో గడియారం ఎందుకు తెప్పించలేదో. మీ బావ నీ ఉత్తరం చదివి లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చారు, దుమ్ము పడిందట.

అమ్మ శాలువా పారేయలేదు. ఆవిడ రెండోసారి ఆస్పత్రిలో చేరినప్పుడు, మే నెలలో, నలుగురూ చూస్తే నాకు నామోషీ అని తీసి నా స్టోరు బీరువాలో పెట్టాను. ఇప్పుడు నా దగ్గరే ఉంది. పార్శిల్‌లో పంపుతున్నాను. వేరే ఏమీ పెట్టలేదు.

సెప్టెంబరులో నువ్వడిగినదానికి అబద్ధం రాశాను. నువ్వు సాక్షులు చెప్పింది పొల్లుపోకుండా రాస్తావు కదా. ఇది కూడా అలాగే పెట్టుకో. కొట్టివేతలు చేయకు, నా మంచికోరి సర్దకు.

ఆవిడ చేరిన మూడోరోజు కొత్తగా వచ్చిన డాక్టరు ఒకతను పరీక్ష చీటీ రాసి నా చేతికిచ్చాడు. మీ అమ్మగారిని మీరే కింద లాబుకి తీసుకెళ్ళండి, త్వరగా అవుతుందన్నాడు. నేను చీటీ చదివాను. థైరాయిడ్ పరీక్ష అని ఉంది. ఇప్పుడు నీ కాగితాల మీద ఉన్న అక్షరాలే. నాలుగో అరలో ఏముందో నాకు తెలుసు, ఎవరికిస్తారో తెలుసు. ఈవిడకి అదేం కాదు, బద్ధకం, ఆ కుర్రడాక్టరుకి మా అమ్మ సంగతి తెలియదు అనుకున్నాను. నవ్వుకున్నాను కూడా.

లాబు పదకొండుకి మూసేస్తారు. పదిన్నరకి ఆవిడని లేపాను. శాలువా కావాలంది, ఇవ్వలేదు. రెండు అంతస్తుల మెట్లు. ఒక్కో మెట్టు దగ్గర ఆగి కమ్మీ పట్టుకుని నిలబడింది. నేను ముందు దిగిపోయి కింద నిలబడి గడియారం చూస్తున్నాను. దాటిపోయే నర్సులతో, "మా నత్తమ్మ దిగుతోంది, సాయంత్రానికి వస్తుంది" అన్నాను. వాళ్ళు నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది.

చివరి మెట్టు దిగేసరికి పదకొండుంపావు అయింది. లాబు తలుపు వేసేశారు. ఆవిడ రొప్పుతూ నా చెయ్యి పట్టుకుని, "ఆలస్యం చేశానామ్మా? రేపు తొందరగా దిగుతాలే" అంది.

చీటీ నా సొరుగులో పెట్టాను. మర్నాడు తీసుకెళ్ళలేదు.

అక్కయ్య